వేర్ల సంగీతం, వేర్ల మందు

కొత్తగ మైకు ముందట కూసుంటున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతుంటరు: "మేడం, మీ సర్వీసుల మర్చిపోలేని ప్రోగ్రాం ఏది?" వాళ్లకు కావాల్సింది ఒక పెద్దమనిషి పేరు, ఆయన పక్కన నేను నవ్వుకుంట నిలవడ్డ ఫోటో. నాకాడ రెండూ లేవు. నాకాడ ఉన్నది చిట్యాల ఫంక్షన్ హాల్ల ఒక పగటిపూట జరిగిన రభస. అది మొదలుపెడితె సగంమంది ఏదో పని ఉన్నదని ఫోన్ పెట్టేస్తరు. మిగిలిన సగం కోసం రాస్తున్న.

నేను రేడియోల అనౌన్సర్‌గ చేసి రిటైర్ అయిన. ఏ స్టేషనో చెప్ప. చెప్తె మా సారు ఎవలో చెప్పినట్టే అయితది. పేరు ఎక్కడ పడ్డా సంబురపడే మనిషి ఆయన. తిట్ల నడుమ పడ్డా సరే, కత్తిరించి దాసుకుంటడు. గా సంబురం ఆయనకు నేనెందుకియ్యాలె?

సారు మా ప్రోగ్రాం ఆఫీసరు. పుట్టింది మా దిక్కే గని, ఉద్యోగంల చేరిన రోజే తన యాసను బీరువల పెట్టి తాళమేసిండు. ఏండ్లకేండ్లు నా స్క్రిప్టుల మీద ఎర్రపెన్ను తిప్పిండు. "'వస్తాంది' కాదమ్మా, 'వస్తోంది'. 'గట్ల' కాదు, 'అలా'. శ్రోతలు నవ్వుతారు." ఏ శ్రోతలో నాకు సమజ్ కాకపోతుండె. మా రేడియో వినేది పాలమూరోళ్లు, నల్లగొండోళ్లు. వాళ్లు ఇంట్ల మాట్లాడినట్టు నేను మాట్లాడితె వాళ్లెందుకు నవ్వుతరు? అయినా కడుపు కోసం నోరు మార్చుకున్న.

తెలంగాణ వచ్చింది. గదే సారు, గదే ఎర్రపెన్ను. "యాస తక్కువైంది మేడం! జర గట్టిగ దట్టించాలె. రేడియో పెడితె మట్టి వాసన రావాలె." నేను మాట్లాడేది గింతే సారూ, అంటె వినడు. మా అవ్వ గూడ ఎన్నడూ అనని మాటలు ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి నా నోట్ల కుక్కుతుండె. మొదట నా యాస ఎక్కువని కోసిండు, తర్వాత తక్కువని అతుకులేసిండు. నడుమ నేనెట్ల మాట్లాడుతనో ఒక్కనాడు గూడ వినలే.

గా దినాలల్లనే అమెరికామె వచ్చింది.

ఆమె ఫిడేలు వాయిస్తది. ఫిడేలంటె మన వయొలినే. చెక్క అదే, తీగెలు అవే, కమాను అదే. కుర్చీలల్ల కదలకుంట కూసోని వింటె వయొలిన్, లేసి ఎగురుకుంట వింటె ఫిడేలు. ఈ తేడా ఆమే నాకు చెప్పింది. వాళ్ల దేశంల పల్లెపాట వాయించేటోళ్లల్ల ఆమెను మించిన చెయ్యి లేదని పేరట. పట్నంల పెద్ద కచేరి చేసింది. ఆ తర్వాత, జిల్లాలల్ల గూడ మనుషులుంటరని ఎవలికో యాదికొచ్చి ఒక పూట మా నెత్తిన పడేసిన్రు.

చిట్యాలల ఒక సాంస్కృతిక సంఘం అధ్యక్షుడు హాలు ఇస్తనన్నడు. ఆయన చేసేది ప్లాట్ల వ్యాపారం, ఆయనకు ఇష్టమైంది శాలువ. కప్పినా ఇష్టమే, కప్పుకున్నా ఇష్టమే. మా రేడియో కచేరిని రికార్డు చేయాలె. ఇంగ్లీషు వస్తదని నన్ను ఆమెకు దుబాసిగ పెట్టిన్రు.

కరపత్రం రాసేకాడనే లొల్లి మొదలైంది. ఆమె వాయించేదాన్ని ఇంగ్లీషుల 'రూట్స్ మ్యూజిక్' అంటరు. తాతల నాటి నుంచి చేతులు మారుకుంట వచ్చిన పల్లెపాట అన్నట్టు. నేను 'జానపద సంగీతం' అని రాసిన. సారు కొట్టేసిండు.

"జానపదమంటె మామూలైపోయింది మేడం. రూట్స్ అంటె ఏంది? వేర్లు. వేర్ల సంగీతం! ఎంత లోతు ఉన్నదో చూడున్రి."

నాకు లోతు కనవడలే, గొయ్యి కనవడ్డది. "జనానికి ఇంకో తీరుగ సమజ్ అయితది సారూ."

"మీకు కవిత్వం తెల్వది," అన్నడు.

అధ్యక్షుడు మా సారు కన్న పెద్ద కవి. 'అమెరికా నుండి విచ్చేయుచున్న వేర్ల నిపుణురాలు' అని ఫ్లెక్సీలు కొట్టిచ్చి, చిట్యాల నుంచి మర్రిగూడ దాక స్తంభస్తంభానికి కట్టిచ్చిండు.

మర్రిగూడ దిక్కు నీళ్ల సంగతి మీరు వినే ఉంటరు. బోర్లల్ల ఫ్లోరైడు. ఇప్పుడు నల్లాలు వచ్చినయి. గని ఎన్కట ఆ నీళ్లే తాగి నడుములు వంగినోళ్లు, మోకాళ్లు పట్టేసినోళ్లు ఊరూరికి ఉన్నరు. వాళ్ల కండ్లముందట "వేర్ల నిపుణురాలు" అని బోర్డు కడితె ఏమైతదో ఎర్రపెన్నుకు తప్ప అందరికి ఎరుకే.

ఆమె ముందురోజు జడ్చర్లల ఎవలో కంపెనోళ్ల విందుల వాయించి, అక్కడి లాడ్జిలనే పండుకున్నది. పొద్దుగాల మా స్టేషన్ కారుల పోయి ఎక్కించుకున్నం. నడిపేది మా చాచా. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ డ్రైవరు, స్టేషన్ల నేను నమ్మిన ఒకే ఒక్క మనిషి. ఆమెకు అరవై దాటినయి. సన్నటి మనిషి, కురస వెంట్రుకలు, అద్దాలు. ఎండలు మండుతున్నయి, ఆమె కాళ్లకేమో మడిమల పైదాక తోలు బూట్లు.

చాచా అద్దంలకెళ్లి చూసి అన్నడు: "అమ్మా, బూట్లల్ల ఆమె కాళ్లు ఉడుకుతయి గద. బజార్ల మంచి చెప్పులు దొరుకుతయి, ఆపాల్నా?"

ఆమెకు చెప్పిన. ఆమె నవ్వి, "నీ దోస్తుకు షుక్రియా చెప్పు. బూట్లు విప్పుడు బంద్ పెట్టి మస్తు దినాలైంది," అన్నది. ఆమె ఇంగ్లీషుల చెప్పిందాన్ని నా మాటలల్ల రాస్తున్న, తప్పు పట్టకున్రి. కల్వకుర్తి తొవ్వల, పత్తిచేన్లు రెండు దిక్కుల పోతుంటె, బూట్ల కథ చెప్పింది. అదే ఆమె కథ.

వాళ్ల నాయిన పండ్ల డాక్టరు. ఇంట్ల రెండు కార్లు. చిన్నప్పుడే వయొలిన్ సారు కాడ ఏసిన్రు. గని వాళ్ల గల్లీల రైలుపట్టాల పని చేసి ఆపేసిన ఒక ముసలాయన ఉండెనట. శనివారం శనివారం జనం ఎగురుతుంటె ఫిడేలు వాయిస్తుండె. ఈ పిల్ల వయొలిన్ క్లాసు ఎగ్గొట్టి ఆయన అరుగు మీద కూసునేది. ఆయన ఒక్కసారి వాయిస్తె ఈమె రెండోసారికి పట్టేది. పదిహేనేండ్లకే పోటీలల్ల పెద్దపెద్దోళ్లను ఓడగొట్టింది. ఆడనే ఒక పాటల కంపెనీ కండ్లల్ల పడ్డది.

"వాళ్లు నా చెయ్యిని కొన్నరు అనుకున్న," అన్నది. "వాళ్లు కొన్నది నా కాళ్లను."

కంపెనోళ్లు మొదలు ఆమె నాయినను మార్చిన్రు. పండ్ల డాక్టరు పోయి, బొగ్గు గనిల పనిచేసి దగ్గుకుంట సచ్చిపోయినాయన అయిండు. నాయిన బతికే ఉన్నడు, ఇంట్ల టీవీల తన సావు ముచ్చట వింటున్నడు! తర్వాత ఆమెకు అతుకులేసిన లంగా, గడ్డి టోపీ. ఆఖరికి కాళ్లు. పల్లెపిల్లకు బూట్లేందని ఒట్టి కాళ్లతోని స్టేజి ఎక్కిచ్చిన్రు. మంచు పడే రాత్రులు గూడ ఒట్టి కాళ్లే. రికార్డులు అమ్ముడుపోయినయి, బహుమతులొచ్చినయి, ఊరూరా పేరు మోగింది. ఒకసారి జాతరల వాయిస్తుంటె స్టేజి మీద పగిలిన సీస పెంక కాలుల దిగింది. పాట నడుమ ఆపొద్దని రక్తం కారుకుంటనే వాయించింది.

"మరి జనం?" అని అడిగిన.

"లేసి నిలవడి చప్పట్లు కొట్టిన్రు. అది గూడ ఆటల భాగమనుకున్నరు."

నరం తెగి ఆ కాలు ఇప్పటికీ తిమ్మిరి పడుతదట. ఇగ బూట్లేసుకుంటనని పట్టువట్టింది. కంపెనీ ఆమెను తీసేసి ఇంకో చిన్నపిల్లను పట్టుకొచ్చింది. "ఆ పిల్ల బూట్లు విప్పిచ్చిన్రు," అని కిటికీలకెళ్లి బయటికి చూసింది. తర్వాత చిన్నచిన్న హాళ్లల్ల, ఎవలు పిలిస్తె వాళ్ల కాడ వాయించుకుంట బతికింది.

నేను నా ముచ్చట చెప్పిన. యాస కోసిన ముచ్చట, మళ్ల అతుకులేసిన ముచ్చట. ఆమె పకపక నవ్వింది. "మీ సారు మా కంపెనీల చేరితె డైరెక్టర్ అయితుండె," అన్నది.

మర్రిగూడల చాయ్ కోసం ఆగినం. నడుం వంగిపోయిన ఒక అవ్వ కట్టె పట్టుకోని కారు కాడికొచ్చి, ఆమెను కిందికెళ్లి మీదికి చూసి, నన్నడిగింది: "బిడ్డా, గీమెదేనా వేర్ల మందు? కడుపుల తాగుడుకా, పైన రుద్దుడుకా?"

చాచా "ఖతం," అన్నడు.

"మందు కాదవ్వా, ఆమె ఫిడేలు వాయిస్తది. పాట."

"పాటనా? అయితె మందు తర్వాత ఇస్తదా?"

పొద్దుగాల రెండు ఆటోలు నిండ జనం చిట్యాలకు పోయిన్రట, అవ్వకు జాగ దొరకలే. అమెరికామె ఏమైందని అడిగింది. ఫ్లెక్సీ సంగతి మొత్తం చెప్పిన. ఆమె మొఖంల నవ్వు పోయింది. "వాళ్లకు నిజం ఎవలు చెప్తరు?" అన్నది. అవ్వను కారుల ఎక్కించుకున్నం. మందు లేదని తొవ్వంత చెప్పిన. తల ఊపింది గని, నమ్మితె ఒట్టు.

చిట్యాల హాలు నిండిపోయి ఉన్నది. కుర్చీ కుర్చీకి ఒక కట్టె. అధ్యక్షుడు ఎదురొచ్చి, "ఏం జనం మేడం! మా చిట్యాలల సంస్కృతి సావలే," అన్నడు. పక్కన మా సారు కండ్లు తుడుసుకుంటున్నడు, 'వేర్ల సంగీతం' అన్న తన మాటకే గింతమంది కదిలిన్రని.

"వీళ్లు సంస్కృతికి రాలే సారూ, మోకాళ్ల నొప్పులకొచ్చిన్రు," అన్న.

ఇద్దరు మొఖాలు చూసుకున్నరు. అధ్యక్షుడు ముందు తేరుకున్నడు. "ఇప్పుడే చెప్పకున్రి. ముఖ్య అతిథి వచ్చిపోయేదాక కుర్చీలు నిండుగ ఉండాలె. తర్వాత మెల్లగ చెప్దాం."

"మీ పని అనువాదం," అన్నడు సారు. "ప్రకటనలు కాదు."

ఇగ స్టేజి. నేలంత ఎర్రమట్టి పోసిన్రు, మట్టి వాసనకు. ఒక మూలకు ఎడ్లబండి చక్రం. ఇంకో మూలకు దీపం. ఆమె భుజాల మీద ఏసెతందుకు గొంగడి తయారు, గా ఎండల! అధ్యక్షుడు ఫోన్ల ఆమె పాత ఫోటో తీసి చూపెట్టిండు. గడ్డి టోపీ, అతుకుల లంగా, ఒట్టి కాళ్లు. "మాకు గిట్ల కావాలె. బూట్లు విప్పి మట్టి మీద నడుసుకుంట రమ్మనున్రి. పల్లెతనం ఉట్టిపడాలె."

చెప్పిన. ఆమె ఆ ఫోటో చూసి ఫోన్ తిరిగిచ్చింది. "విప్ప," అన్నది.

అధ్యక్షుని గొంతు మారింది. "దీపం ముంగట బూట్లా? మా సంస్కృతికి అవమానం!"

నిమిషం కింద పల్లెతనం, ఇప్పుడు పవిత్రత. కావాల్సింది మాత్రం అవే రెండు కాళ్లు. ఆమెకు తర్జుమా చేసిన, ఒక్క మాట దాసుకోలే.

ఆమెకు కోపం రాలే. "మీ దీపాన్ని నేను అవమానించ. స్టేజి ఎక్కనే ఎక్క. కింద అందరు చెప్పులతోనే ఉన్నరు, నేనూ ఆడనే నిలవడత," అన్నది. "గని ముందుగాల వాళ్లకు నిజం చెప్పు. మందు ఆశతోని నా పాట వినొద్దు."

సారు నా దిక్కు గుడ్లురిమిండు. నేను మైకు తీసుకున్న. మొత్తం సర్వీసుల మొదటిసారి స్క్రిప్టు లేకుంట, సారు వద్దన్న యాస కాదు, సారు కావాలన్న యాస కాదు, ఇంట్ల మాట్లాడినట్టు మాట్లాడిన.

"అమ్మా, నాయినా, ఈమెకాడ మందు లేదు. వేర్లని రాసింది తప్పు. ఈమె ఫిడేలు వాయిస్తది, గంతే. పోయేటోళ్లు పోన్రి, మీ తప్పేం లేదు. ఉండేటోళ్లు ఉండున్రి."

హాలు గుయ్యిమన్నది. తిట్టిన్రు. న్యాయమైన తిట్లే. కొందరు లేసి పోయిన్రు. ఒకాయన ఫ్లెక్సీ దిక్కు కట్టె ఎత్తి, "గది రాసినోన్ని నా ముంగటికి తెండ్రి," అన్నడు. మా సారు ఎడ్లబండి చక్రం ఎన్కకు జరిగిండు. మేం తెచ్చిన అవ్వ ముందటి వరుసల కూసోని, "ఇంత దూరమొచ్చినం గద, ఏదో ఒకటి వాయించుమను," అన్నది.

ఆమె కుర్చీల నడుమ జాగల నిలవడి ఫిడేలు భుజానికి ఆనిచ్చింది. స్టేజి మైకు వైరు అందలే. మా రికార్డింగు మైకు నేనే పట్టుకోని దగ్గర నిలవడ్డ.

మొదటి పాట మెల్లగ. రెండు తీగెలు ఒక్కసారే పలుకుతున్నయి, ఒకటి కదలకుంట ఊర్కె మోగుతాంది, ఇంకోటి దాని మీదికెళ్లి తిరుగుతాంది. అవ్వ నన్ను గోకింది. "ఏడుస్తాందా, నవ్వుతాందా?" నేను తర్జుమా చేసిన. ఆమె వాయించుకుంటనే అన్నది: "గీ దేశంల నన్నడిగిన మొదటి అక్కరకొచ్చే ప్రశ్న ఇది."

తర్వాతది ఉరుకుడే. కమాను కంటికి ఆనలే. వాళ్ల ముసలాయన నేర్పిన ఆటపాటట. ఏండ్లు రేడియోల ఉండి ఎన్నో కచేరీలు విన్న నాకు, ఒక్క చేతిల గన్ని మాటలుంటయని గప్పుడే ఎరుకైంది. హాల్ల కట్టెలు నేలకు తగులుడు మొదలైంది. ఒకటి, నాలుగు, ఇగ లెక్కలేదు. తాళం తప్పుతున్నయి, మళ్ల కలుస్తున్నయి. ఆమె ఆ కట్టెల దిక్కు చెవి పెట్టి, వాటి నడుమకెళ్లి పాటను నడిపిచ్చింది.

గప్పుడు ముఖ్య అతిథి దిగిండు. ఎనక మందీ మార్బలం. అధ్యక్షుడు స్టేజి మీదికెళ్లి చేతులూపుకుంట, "లేవున్రి! లేవున్రి!" అని ఒర్లుతున్నడు. ఒక్కరు లేవలే. ఆమె పాట ఆపలే.

"లేవుమంటె సమజ్ అయితలేదా?"

అవ్వ తల గూడ తిప్పలే. "లేసే కాళ్లుంటె ఈడికెందుకొస్తం బిడ్డా?"

ముఖ్య అతిథి జనం ఈపులు చూసుకుంట స్టేజి ఎక్కిండు. నిగనిగలాడే నల్ల బూట్లతోని ఎర్రమట్టి తొక్కుకుంట పోయి దీపం ముట్టిచ్చిండు. సంస్కృతికి అవమానమని ఎవలూ అనలే. అధ్యక్షుడు పక్కన నిలవడి అగ్గిపెట్టె అందిచ్చిండు.

పాట విని నొప్పులు పోయినయని ఎవలన్న రాస్తె నమ్మకున్రి. వచ్చినోళ్లు వచ్చినట్టే కుంటుకుంట పోయిన్రు. అవ్వను చాచా మళ్ల మర్రిగూడల దించిండు. దిగేటప్పుడు అవ్వ అమెరికామె చేతులు పట్టుకోని, "మంచిగ కొట్టినవ్ బిడ్డా. మందు గూడ నేర్చుకో," అని చెప్పి పోయింది. నేను తర్జుమా చేస్తె, ఆమె ఆ మాటను ఎవ్వలిచ్చిన బహుమతి కన్న ఎక్కువ చేసి, జడ్చర్ల దాక రెండుమూడుసార్లు అనుకున్నది.

ఇగ ప్రోగ్రాం సంగతి. సారు మొత్తం అధ్యక్షుడు, ముఖ్య అతిథి ఇచ్చిన ఉపన్యాసాలే పెట్టిండు. ఫిడేలును వాటి కింద సన్నగ, ఎక్కడో పక్కింట్ల మోగుతున్నట్టు పరిచిండు. నాకు చదువుమని ఇచ్చిన స్క్రిప్టుల మొదటి మాట: 'బొగ్గుగని కార్మికుని బిడ్డ, మట్టిపాదాల ఫిడేలు రాణి.'

"వాళ్ల నాయిన పండ్ల డాక్టరు సారూ."

"శ్రోతలకు డాక్టర్ ఎందుకు మేడం? కష్టం కావాలె."

"కష్టం నేను చెప్త. ఆమె పడ్డ కష్టం వేరే ఉన్నది."

వద్దన్నడు. చదువనని చెప్పిన. ఇంకో కొత్త పిల్లతోని చదివిచ్చిండు. పాపం, హైదరాబాద్‌ల పుట్టిన పిల్ల, గా యాస పలుకలేక నాలిక మడత పడ్డది. ఆ ప్రోగ్రాంకు సారుకు ఏదో సంఘపోళ్లు శాలువ కప్పిన్రు, కప్పింది మన అధ్యక్షుడే. నన్ను మార్కెట్ ధరలు చదువుటానికి ఏసిన్రు. శిక్ష అనుకున్నరు. కందులు, పత్తి, పల్లికాయ ధర చెప్పేకాడ ఎవలూ కవిత్వం అడుగరు, ఎర్రపెన్ను తిరుగదు. రిటైర్ అయ్యేదాక గక్కడనే ఉన్న. రేడియోల నేను నిజంగ మాట్లాడింది గా దినాలే.

మీకు మైకు ఇచ్చినోళ్లు మీ గొంతే కావాలంటరు. తర్వాత దాన్ని తమ తీరుగ కుట్టి మీకే తొడుగుతరు. మొదట తక్కువ చేసేటోళ్లు, తర్వాత నెత్తికెత్తుకునేటోళ్లు వేరేవేరే మనుషులని అనుకోకున్రి. నేనైతె రెండు పనులు ఒక్కడే చేస్తుంటె చూసిన.

మొన్నొక ఆదివారం పొద్దుగాల ఆమె వీడియో కాల్ చేసింది. వాళ్లకు శనివారం సందెల. ముసలితనం వచ్చింది, వేళ్లు మునుపటి లెక్క ఉరుకుతలేవట. ఇప్పుడు రికార్డుల్లేవు, కచేరీల్లేవు. ఒక చిన్న ఊర్ల, వారానికొకసారి జనం కూడి ఎగిరే హాల్ల వాయిస్తున్ననన్నది.

"మస్తు మంది వింటరా?" అని అడిగిన.

"వినరు. నా దిక్కు చూడనే చూడరు. ఎగురుతరు," అన్నది. ఆ మాట చెప్పుతుంటె ఆమె మొఖం చూడాలె.

ఎవలో పిలిచిన్రు. "వస్తున్న" అని ఫోన్‌ను బల్ల మీద పెట్టి ఉరికింది, కట్ చేసుడు మర్చిపోయింది. పాట మొదలైంది. నేను ఇక్కడ వాకిట్ల కూసోని పల్లికాయ ఒలుసుకుంట, అయిపోయేదాక విన్న. ఫోన్ల ఆ హాలు పైకప్పు, ఒక బల్బు తప్ప ఇంకేం కనవడలే. కనవడే అవసరం గూడ లేకుండె.